దూలగొండి బేరం

మా పెరటి గోడ మీద పాకిన దూలగొండి తీగను తియ్యడానికి పక్కింటాయన పదకొండు రోజులు అడిగాడు. నేను దాన్ని ఒక్క పూటకు దింపాను. గోదావరిఖని మార్కెట్లో ఇంత బేరం తెంపిన మనిషి ఇంకొకరు లేరని ఇప్పటికీ గట్టిగా చెప్పగలను. మా నాన్నది కిరాణా దుకాణం, మేనమామలవి బట్టల దుకాణాలు రెండు, నాది స్టీలు సామాన్లు. చీపురు కొన్నా, పన్ను పీకించుకున్నా మొదటి మాటకు ఒప్పుకుని వస్తే మా ఇంట్లో ఆ పూట మొహం చూసేవాళ్లు కాదు. అట్లాంటిది పదకొండు రోజుల్ని ఒక్క పూటకు! నాన్న ఉండి ఉంటే వీపు తట్టేవాడు. ఆ పూట ఏం జరిగిందో విన్నాక అదే చేత్తో ఇంకొకటి వేసేవాడు.

ఆ పక్కింటాయన ఈ శ్రావణంలో పోయాడు. మా వాడలో అందరూ ఆయన గురించి మంచే మాట్లాడుతున్నారు. ఎదురింటావిడ "దేవుడసొంటి మనిషి" అని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె మేడ మెట్లు గట్టివి కావని ఆయన వాడంతా చాటినప్పుడు ఆమె తిట్టిన తిట్లు నేను మా వంటింట్లోంచి విన్నాను. బతికున్నప్పుడు నేను ఆయన్ని ఇష్టపడలేదు. పోయాడు గనక కొత్తగా ఇష్టపడటం నా చేత కాదు. ఎట్లాంటివాడో అట్లాగే రాస్తాను.

ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడే. నేను కాక అని, అంటే బాబాయి అని, పిలిచేదాన్ని. బొగ్గు గనిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. సర్దారంటే, షిఫ్టులో తనతో లోపలికి దిగిన మనుషులంతా మళ్లీ రెండు కాళ్ల మీద పైకి వచ్చేదాకా జవాబుదారీ. కంపెనీ శాలువా కప్పి ఇంటికి పంపించింది కానీ ఆయన ఆ షిఫ్టు దిగలేదు. వాడనే గని చేసుకున్నాడు. మేమంతా ఆయన కింది కూలీలం.

ఎవరింట్లో చెత్త తగలబెట్టినా, పిల్లలు పటాకులు అంటించినా ముందు "ఖబర్దార్!" అని మూడుసార్లు అరవాలి. గనిలో మందు పేల్చే ముందు అట్లా అరిచి మనుషుల్ని దూరం పంపిస్తారట. మనం అరవకపోతే ఆయనే అరిచేవాడు. "మిరపకాయల పోపు పెట్టేటప్పుడు గూడ నాతోని అనిపిస్తడమ్మా. ముప్పై ఏండ్ల నుంచి పప్పుకు ఖబర్దార్ చెప్తున్న" అని ఆయన భార్య ఒకసారి నా దగ్గర మొత్తుకుంది.

చేతిలో ఎప్పుడూ ఒక వెదురు కట్టె, దాని చివర ఇనుప పొన్ను. ఏ ఇంటికి వెళ్లినా, ఏ దుకాణానికి వెళ్లినా లోపల అడుగు పెట్టే ముందు ఆ పొన్నుతో పైకప్పును రెండుసార్లు తట్టి చెవి పెట్టి వినేవాడు. గట్టి కప్పు ఖంగుమంటుందట, ఊడి పడబోయే కప్పు డబడబమంటుందట. బ్యాంకు, మంగలి షాపు, పెళ్లి హాలు, అన్నిటికీ అదే పరీక్ష.

నా దుకాణంలో కొత్తగా తెల్లటి ఫాల్స్ సీలింగ్ వేయించిన వారంలో, నలుగురు ఆడవాళ్లు పెళ్లి సామాను ముందేసుకుని బేరం సగానికి వచ్చిన సమయంలో ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. తట్టాడు. డబడబ.

"డొల్ల" అన్నాడు.

"అది గట్లనే ఉంటది కాక. అందం కోసం వేసిన కప్పు. అసలు స్లాబు దాని మీద ఉన్నది."

"కప్పు కింద ఇంకో కప్పు ఎందుకు? ఏం దాస్తున్నవ్?" అని, ఆడవాళ్ల వైపు తిరిగాడు. "అమ్మా, బయటికి రాండ్రి. ఒక్కొక్కలు. ఉరుకకుండ్రి."

వెళ్లారు! అదీ నా కడుపుమంట. ఆ గొంతు అట్లాంటిది. వద్దనుకుంటూనే కాళ్లు కదులుతాయి. ఆ నలుగురూ రోడ్డు మీద కాసేపు మా సీలింగు వంక చూసి, అటు నుంచి అటే ఎదురు దుకాణంలోకి వెళ్లిపోయారు. ఆయన మాత్రం గుమ్మం అవతలే నిలబడి ఒక చెంబు అడిగాడు. కడుపు మండి యాభై ఎక్కువ చెప్పాను. లెక్కపెట్టి ఇచ్చేశాడు.

"బేరం చెయ్యవా కాక?"

"నువ్వు చెప్పినవ్, నేనిచ్చిన. అబద్ధం ఉంటే అది నీ నోట్లె ఉంటది. నాకేంది?"

బేరం ఆడని మనిషంటే మా జాతికి భయం. మేం చెప్పే మొదటి అంకెలో మూడో వంతు గాలి ఉంటుంది. అది మోసమని మేం అనుకోం, మర్యాద అనుకుంటాం. ఎదుటివాడు కొంత తగ్గించి, గెలిచినట్టు ఇంటికి పోవాలి గదా. ఆయన ఆ గాలిని కూడా డబ్బిచ్చి కొనుక్కుని పోయేవాడు. ఆ యాభై రూపాయలు గల్లాపెట్టెలో పడి ఉన్నన్ని రోజులు నాకు ఎవరో నన్ను చూస్తున్నట్టే ఉండేది.

ఇక దూలగొండి సంగతి.

మా పెరటి వెనక కంపెనీ పాత క్వార్టర్లు ఒక వరస ఉన్నాయి. మనుషులు ఖాళీ చేసి చాలా కాలమైంది, తలుపులూ కిటికీలూ ఎవరో పీక్కుపోయారు. ఆ గోడల మీద పెరిగిన తీగ వానాకాలంలో మా ప్రహరీ ఎక్కింది. ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడితే నేను ముచ్చటపడి ఫోటో కూడా తీసుకున్నాను. చలికాలానికి కాయలు వచ్చాయి. చింతకాయంత కాయ, దాని ఒంటి నిండా బంగారు రంగు నూగు. ఆ నూగే విషం. ఒంటికి అంటితే మంట, దద్దుర్లు, పొక్కులు. గోకితే గోకిన చేతితో ఇంకో చోటికి పాకుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు. కాయ ఎండిందంటే చిన్న గాలికే నూగు లేస్తుంది.

మా అమ్మకు ఉన్నది ఒక్క కన్నే. కుడి కన్ను నీటికాసులతో ఎప్పుడో పోయింది. ఎడమ కంటితోనే ఆమె ఎండలు మొదలైన రోజు నుంచి పెరట్లో మంచం వేసుకుని అప్పడాలు, వడియాలు పెట్టి, పెళ్లి వంటలు చేసేవాళ్లకు అమ్ముతుంది. నిజం చెప్పాలంటే నా దుకాణం కంటే ఆమె మంచానికే గిరాకీ ఎక్కువ. కిందటేడు మాఘమాసంలో ఆమెకు పెద్ద పెళ్లి ఆర్డరు వచ్చింది. మంచానికి నాలుగడుగుల దూరంలో ఆ కాయలు ఎండుతున్నాయి.

నేను ఆయన్ని పిలవలేదు. గోడ మీదుగా చూసి ఆయనే పెరటి గేటు తోసుకుని వచ్చాడు. పైన ఆకాశం తప్ప తట్టడానికి కప్పు లేకపోయేసరికి కాసేపు కట్టెను ఏం చెయ్యాలో తోచలేదు. తర్వాత మా ముగ్గు డబ్బాలోంచి చిటికెడు పిండి తీసి, చెయ్యి పైకెత్తి వదిలాడు. పిండి మెల్లగా వాలుతూ అమ్మ మంచం మీద పడింది.

"అక్కా, గాలి నీ మీదికే ఉన్నది. నీకున్నదే ఒక్క కన్ను. మంచం లోపల ఏసుకో" అన్నాడు అమ్మతో. నా వైపు తిరిగి, "పదకొండు రోజులు" అన్నాడు.

"ఏంది కాక పదకొండు?"

"పని. పొద్దున మంచు ఉన్నంత సేపే చెయ్యాలె. గాలి లేసిందంటే బంద్. రోజుకు గంట, మస్తు అయితే గంటన్నర. ముందు నీళ్లు కొట్టాలె. తడిసిన నూగు లేవది. కాయలు కోసి తడి గోనెసంచిల ఎయ్యాలె, గుంత తీసి పూడ్వాలె. కాయ ఒక్కటి లేదంటేనే తీగ ముట్టాలె. తీగ అయినంక వేరు. గోడ పొడుగు నడిచి చూసిన. పదకొండు పొద్దులు. అయ్యేదాక అక్క పెరట్లకు రావద్దు."

పదకొండు రోజులు పెరడు మూసుకుంటే పెళ్లి ఆర్డరు పోతుంది. నా నాలుక తనంతట తానే కదిలింది.

"ఐదు చెయ్యి కాక."

"పదకొండు."

"నీ మాట వద్దు, నా మాట వద్దు. ఏడు."

"బిడ్డా, నేను ధర చెప్తలేను."

"ఇద్దరు కూలోళ్లను పెడత. అప్పుడు తొందరగ అయితది గదా?"

"ఇద్దరిని పెడితే ఇద్దరు గోక్కుంటరు."

లోపలి నుంచి అమ్మ నవ్వు వినబడింది. నాకు ఇంకా కాలింది. "ఎనిమిది. రోజు చాయ్ నాది."

ఆయన కట్టె తీసుకుని గేటు వైపు నడిచాడు. బేరంలో ఈ ఘట్టం నాకు బాగా తెలుసు. అవతలి మనిషి లేచి పోతాడు. మనం పిలిస్తే మనం ఓడినట్టు, పిలవకుండా బిగబట్టుకుంటే అతనే వెనక్కి తిరుగుతాడు. నేను బిగబట్టుకున్నాను. రెండు రోజులు బిగబట్టుకున్నాను. ఆయన తిరగలేదు.

ఎందుకు తిరగలేదో అప్పుడు నాకు తోచలేదు. మా దగ్గర అంకె అంటే మాటలు మొదలుపెట్టడానికి ఒక చోటు. ఆయన పెరిగిన గనిలో మందు పేల్చేటప్పుడు పది గజాలు వెనక్కి నిలబడమంటే పది గజాలే. ఎనిమిదికి ఒప్పించి నిలబడినవాడు మరునాడు డ్యూటీకి రాడు. ఆ పదకొండులో గాలి లేదు. నేను లేని గాలిని తియ్యబోయాను.

మూడో రోజు మా ఆయన ఫస్టు షిఫ్టుకు పోగానే నా సొంత పద్ధతిలో పని మొదలుపెట్టాను. అమ్మను లోపల కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశాను. దుకాణంలో సామాను వచ్చిన అట్టపెట్టెలు తెచ్చి గోడ పొడుగునా పేర్చాను. నేను జాగ్రత్త లేని మనిషిని కాను. రెయిన్‌కోటు తొడుక్కున్నాను, హెల్మెట్ పెట్టుకున్నాను. అంటించాను. ఒక్క అగ్గిపుల్ల. పదకొండు రోజుల పనికి ఒక్క అగ్గిపుల్ల అని నాలో నేను మురిసిపోయాను కూడా.

ఎండు కాయలు పటపట పేలాయి. వేడికి నూగంతా పైకి లేచింది. పొగలో బంగారు రజను ఎండకు మెరుస్తూ తేలింది. ఎంత బాగుందో అనుకున్న క్షణం ఒకటి ఉంది, దాచను. ఆ తర్వాత మెడ దగ్గర, రెయిన్‌కోటు అంచు దగ్గర మంట మొదలైంది. చేతులకు పాకింది. సరిగ్గా అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది.

"ఏం కాలుతున్నదే?" అంటూ అమ్మ రెండడుగులు బయటికి వేసింది. మూడో అడుగుకు అరిచింది.

గోడ అవతల నుంచి "ఖబర్దార్! ఖబర్దార్! ఖబర్దార్!" అన్న కేక వినబడింది. వాడ పొడుగునా తలుపులు, కిటికీలు ధడధడ మూసుకున్నాయి. అంతమందిలో ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. గేటు తన్నుకుని ఆయన వచ్చాడు. ముక్కుకూ నోటికీ తడి తువ్వాల చుట్టి ఉంది. కంటి దాకా పోయిన అమ్మ చేతుల్ని మణికట్ల దగ్గర ఒడిసి పట్టుకున్నాడు.

"అక్కా! కన్ను ముట్టినవో చేతులు ఇరగ్గొడ్త!"

"మండుతున్నదిరా తమ్మీ. ఒక్కసారి రుద్దనియ్యి. నీ కాళ్లు మొక్కుత."

"రుద్దనియ్య. నన్ను తిట్టు. తిట్టుకుంట నడువు."

అమ్మ తిట్టింది. ఆమెకు అన్ని తిట్లు వచ్చని డెబ్బై ఏళ్ల వయసులో ఆ రోజే బయటపడింది. ఆయన ఆమెను తోలుకుంటూ పొగ రాని ముందు వాకిట్లోకి తెచ్చి నా మీద గర్జించాడు.

"నల్లా విప్పు! పైపు తే! గట్ల మొహం మీద కొట్టుడు గాదు. ముక్కు కాడికెల్లి బయటి దిక్కు పారియ్యాలె. మెల్లగ! నీ చేతులు తర్వాత గోక్కో, ముందు నీళ్లు పట్టు!"

పట్టాను. ఎంతసేపు పట్టానో తెలియదు. నూగు అంటిన అమ్మ వేళ్లు మళ్లీ కంటి వైపు పోకుండా ఆయన తన ముఖం మీది తువ్వాల విప్పి, ఆమె రెండు చేతులకూ కలిపి చుట్టి ముడి వేశాడు. అప్పుడు పైపు నా చేతిలోంచి లాక్కుని, "ఆటో పిలువు" అని, మంట ఆర్పడానికి పెరట్లోకి వెళ్లాడు. ముక్కుకు అడ్డం ఏమీ లేకుండా వెళ్లాడు. మా వసారా తాడు మీద నాలుగు తువ్వాలలు ఆరేసి ఉన్నాయి. ఒకటి తీసి ఇవ్వడానికి నాకు తోచలేదు.

ఆటో వచ్చేసరికి గోడకు ఒరిగి నిలబడి ఉన్నాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. మధ్యలో సందు చూసుకుని అన్నాడు:

"మొత్తానికి... ఎన్ని రోజులకు... దించినవ్ బిడ్డా?"

చచ్చేంత దగ్గులో కూడా ఆ మాటకు ఊపిరి మిగుల్చుకున్నాడు. అందుకే ఇష్టపడలేదన్నాను.

దవాఖానలో డాక్టరు అమ్మ కన్ను తెరిచి చూసి, "రుద్ది ఉంటే ఇది ఉండేది కాదు. ఎవరు పట్టుకున్నారు ఆమెను?" అని అడిగాడు. పక్కింటాయన అని చెప్పాను. నర్సు నా చేతుల మీద అంటుకునే పట్టీలు వేసి లాగుతూ నూగు పీకింది. అమ్మ కంటికి వారం పైన కట్టు కట్టారు. ఆ వారం ఆమెకు పగలూ రాత్రీ ఒకటే. అన్నం నేను కలిపి పెడుతుంటే, "నువ్వేనా, పక్కింటి తమ్మినా?" అని అడిగేది. నేనే అంటే మొహం అటు తిప్పుకునేది. కట్టు విప్పిన రోజు డాక్టరు చూపిన వేళ్లను సరిగ్గా లెక్కపెట్టింది. లెక్కపెట్టాక నా వైపు ఎంత సేపు చూసిందంటే, నేనే కళ్లు దించుకున్నాను.

మరునాడు పొద్దు పొడవకముందే పెరటి గేటు మీద ఇనుప పొన్ను చప్పుడయింది.

"కాలినయి కాలినయి. సగం గోడ ఇంక అట్లనే ఉన్నది. రా" అన్నాడు ఆయన. తను చెయ్యడట. చేతనైతలేదట. నేను చెయ్యాలట, తను చెప్తాడట.

"ఎన్ని రోజులు కాక?"

"పదకొండు."

"సగమే ఉన్నది గదా!" నోరు జారింది. అలవాటు.

"నూగు ఇప్పుడు పెరడంత ఉన్నది. నువ్వే పరిచినవ్. పదకొండు."

ఆ పదకొండు ఉదయాల్లో నేను తిన్నన్ని తిట్లు నా జీవితంలో ఇంకెప్పుడూ తినలేదు. గాలి వచ్చే వైపున స్టూలు వేసుకుని, పక్కన ముగ్గు డబ్బా పెట్టుకుని కూర్చునేవాడు. నేను రెండు పొడుగు చేతుల చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని, మణికట్ల దగ్గర సుతిలి తాడుతో కట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ సంచులు, వాటి మీద తొడుగులు, కళ్లకు హెల్మెట్ అద్దం దించుకుని తయారయ్యేదాన్ని. అన్నీ ఉన్నాయో లేదో కట్టెతో పొడిచి మరీ చూసేవాడు. చిటికెడు పిండి వదిలేవాడు. నిట్టనిలువుగా రాలితే "కొట్టు" అనేవాడు.

"తడువలే. ఇంక కొట్టు. నీళ్ల కాడ బేరం చెయ్యకు."

"గట్ల గుంజకు! కాయ తెగి కింద పడొద్దు. సంచి కింద పెట్టి కొయ్యి."

"మొహం ఎందుకు ముట్టుకుంటున్నవ్? చెమట కారనియ్యి. చచ్చిపోవు."

ఆరో రోజు సంచులన్నీ తొడుక్కోవడానికే అరగంట పట్టింది. పది కాయలు కోశానో లేదో పిండి పక్కకు వాలింది. "బంద్" అన్నాడు.

"ఇంకో నాలుగే కాక. చేతికి అందుతున్నయి."

"నాలుగు కాయలకు ఒక కన్ను. ఇస్తవా?"

నిచ్చెన దిగాను. వేసుకున్న బట్టలు తిరగేసి విప్పి, ఇంటి బట్టల్లో కలపకుండా వేరే టబ్బులో నానబెట్టాలి. అది కూడా గోడ అవతల నిలబడి అరిచి చేయించేవాడు. చాయ్ ఇస్తే తాగేవాడు కాదు. పని జాగాలో నోట్లో ఏమీ పెట్టుకోకూడదట. నేను తాగబోతే గ్లాసు పారబోయించాడు.

పదో రోజు, గోడంతా చూసుకుని, "అయిపోయింది కాక, ఒక్క కాయ లేదు" అన్నాను. దగ్గుతూ లేచి, గోడ మూల నీళ్ల గొట్టం వెనక కట్టె పెట్టి చూపించాడు. ఒక కాయ. ఎండి, పగలడానికి సిద్ధంగా ఉంది.

"ఇదేంది? నీకు కనబడ్తలేదా, కొనేటోనికి చూపెడ్తలేవా?"

సంచి కింద పెట్టి ఆ కాయ కోశాను. పదకొండో రోజు వేర్లు తవ్వి తీశాను. మొదటి వానలకు మళ్లీ వచ్చి, "పసి మొలకకు నూగు ఉండది, ఇప్పుడే పీకు" అని ముప్పై చిల్లర మొలకలు నాతో పీకించాడు. బాగా చేశావని ఒక్క మాట అనలేదు. థాంక్సని నేనూ అనలేదు. అమ్మ అప్పడాలు పంపిస్తే భార్య చేత డబ్బులు పంపించాడు.

కర్మల రోజు ఆయన కొడుకు మందమర్రి నుంచి వచ్చి ఉన్నాడు. అతన్ని పక్కకు పిలిచి ఆ రోజు పొగ సంగతంతా చెప్పాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాపును తీస్కపోయింది గని దుమ్మే అక్కా. ఎక్స్‌రేలు చూసిన. ఎప్పటి నుంచో ఉన్నది. డాక్టరు గూడ గదే చెప్పిండు. నువ్వు ఫికర్ చెయ్యకు."

నేను అడగకుండా నాకు ఎవరైనా తగ్గించి ఇవ్వడం అదే మొదటిసారి. తండ్రి పద్ధతి అతనికి రాలేదు. మంచివాడు. తీసుకోవాలని నాకు చాలా అనిపించింది. ఇంటికి వచ్చి అప్పుడు కూర్చుని లెక్క వేశాను.

అమ్మ ఎడమ కన్ను దక్కింది. సాయంత్రాలు సూదిలో దారం ఎక్కించడం మాత్రం ఇక ఆమె వల్ల కాదు, అది నా ఖాతా. పెళ్లి ఆర్డరు పోయింది, ఆ తర్వాత ఇంకొకటి వచ్చింది, చెల్లు. నా చేతుల మీది నల్లమచ్చలు నేను కొనుక్కున్నవి. దూలగొండి మళ్లీ మొలవలేదు, ఆ జమ ఆయనది. ఇక ఆయన ఛాతీ. అందులో ముప్పై ఏళ్ల గని దుమ్ము ఉంది. అది నేను పోసింది కాదు, నా మీద వేసుకోను. కానీ ఆ పొగకు ముందు ఆయన ఇంటి నుంచి వాడ చివరి చాయ్ హోటలు దాకా ఎక్కడా నిలబడకుండా నడిచేవాడు. పొగ తర్వాత, పోయేదాకా, దారిలో రెండు చోట్ల ఆగేవాడు. ఒకసారి మా గేటు దగ్గర, ఒకసారి కరెంటు స్తంభం దగ్గర. ఆ రెండూ నావి.